తేలే బండి: పాత వ్యాను స్టీరింగ్‌లో ఆట ఎక్కడిది?

తిరుచానూరులో పాత వ్యాన్లు తోలే డ్రైవర్ల నోట స్టీరింగ్ గురించి నాలుగు రకాల ఫిర్యాదులు వినిపిస్తాయి. "ప్లే ఎక్కువైందన్నా" అంటాడొకడు. "ఎడం పక్కకి లాగతా ఉండాది" అంటాడు ఇంకొకడు. "అరవై దాటితే స్టీరింగ్ వణకతా ఉండాది" అనేది మూడో మాట. నాలుగోది అన్నిటికన్నా విసుగు పుట్టించేది, మెకానిక్‌కి సరిగ్గా చెప్పుకోవడానికి కూడా మాటలు దొరకనిది: "బండి తేల్తా ఉండాదన్నా, రోడ్డు పట్టడంలే."

ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. షెడ్డులో మాత్రం అన్నిటికీ పేరు ఒకటే, స్టీరింగ్ లూజు. చాలాసార్లు మందు కూడా ఒకటే: స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూను పావు తిప్పు బిగించి, "ఇంక పో" అనడం. రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు శ్రీకాళహస్తి నుంచి వస్తూ డ్రైవరు మళ్లీ అదే మాట అంటాడు.

ఈ నాలుగో ఫిర్యాదు మీద మెకానిక్కులు ఏమంటారు, అలైన్‌మెంటు వాళ్లు ఏమంటారు, చట్టం ఏమంటుంది, ఇనుము ఏమంటుంది అని ఒకచోట చేర్చి చూడాలనిపించింది. దానికి కారణం మా వీధిలోని పన్నెండు సీట్ల వ్యాను. పద్దెనిమిదేళ్ల బండి. అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్లను కాణిపాకం, తిరుత్తణి, వేలూరు దగ్గరి శ్రీపురం తిప్పుతుంది. దాని యజమాని ఒక ఏడాదిలో మూడు షెడ్లు మార్చాడు, రెండుసార్లు అలైన్‌మెంటు చేయించాడు, ఒకసారి బాక్సు విప్పించాడు. బండి మాత్రం తేలుతూనే ఉండేది.

ముందు ఏ బండి సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. మనవైపు ఒక కాలంలో వ్యాను అంటే మెటాడోర్. ఆ పేరు ఒక మోడల్ పేరన్న సంగతి కూడా మరిచిపోయి ఏ డబ్బా బండినైనా అలాగే పిలిచేవాళ్లు. 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. 1988లో దానికి ఓమ్ని అని పేరు మార్చారు, 2019లో తయారీ ఆపేశారు. 1987లో టెంపో ట్రావెలర్ వచ్చింది; జర్మనీలో 1977 నుంచి తిరిగిన మెర్సిడెస్ టీ1 వ్యాను దానికి మూలం. 2007లో టాటా వింగర్. రిపేరు చేసేవాడి కంటికి ఇవన్నీ రెండు కులాలు. ముందు ఒకే ముక్క ఇనుప యాక్సిల్, దాని కింద కమాన్ కట్టలు, చివర్లలో కింగ్ పిన్నులు, పైన స్టీరింగ్ బాక్సు ఉన్నవి ఒక రకం. బాక్సు బదులు పళ్ల కడ్డీ, అంటే ర్యాక్ ఉండి, రెండు చక్రాలూ దేనికది విడిగా ఊగేవి రెండో రకం. పాత ట్రావెలర్ మొదటి కోవకు చెందితే ఓమ్ని, వింగర్ రెండో కోవలోకి వస్తాయి. ఒకదానికి రాసిన చీటీ ఇంకొకదానికి పనికిరాదు. ఇది అందరికీ తెలిసిందే అయినా, ఓమ్ని తోలినవాడు ట్రావెలర్ ఎక్కి "దీంట్లో ప్లే ఎక్కువ" అనడం, ట్రావెలర్ మెకానిక్ ఓమ్ని చూసి "ఇది మామూలే" అనడం రోజూ జరిగేదే.

చట్టం ఏమంటుందో చూస్తే కొంచెం ఆశ్చర్యమేస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగ్ గురించే. స్టీరింగ్ వీలు దగ్గర ఆట 30 డిగ్రీలు దాటకూడదనీ, బాల్ జాయింట్లకు రబ్బరు క్యాపులు ఉండాలనీ, బోల్టులు, పిన్నులు ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలనీ అది చెబుతుంది. 38 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీరింగ్ వీలు అంచు మీద 30 డిగ్రీలంటే ఎంతో లెక్కగట్టి చూడండి. దాదాపు 10 సెంటీమీటర్లు. జానెడులో సగం! బ్రిటన్‌లో ఏటా చేసే తనిఖీలో ఇదే కొలత వీలుకు ర్యాక్ ఉన్న బండికి 13 మిల్లీమీటర్లు, బాక్సు ఉన్న బండికి 75 మిల్లీమీటర్లు దాటకూడదంటారు. మన నిబంధన రెండు రకాలకూ ఒకే కొలబద్ద పెట్టింది. పాత లారీలను దృష్టిలో పెట్టుకుని చూస్తే 30 డిగ్రీలు అర్థమవుతుంది. ఓమ్నిలో 30 డిగ్రీల ఆట ఉంటే మాత్రం ఆ బండిని గేటు దాటించకూడదని నా అభిప్రాయం. కాబట్టి "ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పాసైంది కదా" అనే మాట స్టీరింగ్ విషయంలో ధీమా ఇవ్వదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏడాదికోసారి ఎఫ్‌సీ తప్పనిసరి. ఆ ఏడాదిలో మిగతా 364 రోజులూ చూసుకోవాల్సింది డ్రైవరే.

98వ నిబంధనలో నాకు నచ్చిన ముక్క ఆ రబ్బరు క్యాపుల సంగతి. ఎవరూ పట్టించుకోరు గానీ అసలు కథ అక్కడే మొదలవుతుంది. క్యాపు చిరిగితే దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు ముద్ద కాస్తా సానరాయి పొడిలా మారి లోపలి బంతిని అరగదీస్తుంది. పది పదిహేను రూపాయల రబ్బరు ముక్క అని వదిలేసిన చోటే తర్వాత వేలు ఖర్చవుతాయి.

ఆ అరుగుదల చేతిదాకా ఎలా వస్తుందన్నది ఒకసారి లెక్కవేసి చూస్తే చాలా వాదాలు తేలిపోతాయి. చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చివర జాయింటులో ఒక్క మిల్లీమీటరు వదులు ఉంటే చక్రం దగ్గర అది డిగ్రీలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. అంతేనా అనిపిస్తుంది. కానీ బాక్సులోని పళ్ల నిష్పత్తి ఇరవైకి ఒకటైతే, అదే వదులు మన చేతిలో ఏడున్నర డిగ్రీలవుతుంది. అంటే వీలు అంచు మీద ఒక అంగుళం. ఇప్పుడు నాలుగు జాయింట్లలో తలా అర మిల్లీమీటరు ఉందనుకోండి. మెకానిక్ ఒక్కోదాన్నీ పట్టుకుని ఊపి "ఇది బాగుంది, ఇదీ బాగుంది" అంటాడు. విడివిడిగా చూస్తే ఆయన మాట నిజమే. కూడితే చేతిలో రెండంగుళాలు! పాత వ్యాను తేలడానికి ఒక్క దోషి దొరక్కపోవడానికి కారణం ఇదే. దొంగలు నలుగురు, ఒక్కొక్కడూ చిల్లర దొంగే.

రెండో లెక్క ఇంకా ముఖ్యమైనది. వీలు దగ్గర 30 డిగ్రీల ఆటంటే, నడిమి నుంచి ఒక పక్కకు 15 డిగ్రీలు; రోడ్డు మీది చక్రానికి ముప్పావు డిగ్రీ. ముందు వెనక చక్రాల మధ్య మూడు మీటర్ల దూరమున్న వ్యాను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆ ముప్పావు డిగ్రీ పక్కకు మళ్లితే, ఒక్క సెకనులో దాదాపు రెండడుగులు పక్కకు జరుగుతుంది. అదే 30 వేగంలో అయితే అరడుగే. కాగితం మీది లెక్క కాబట్టి టైరు జారడం లాంటివి ఇందులో లేవు. అయినా అసలు సంగతి చెబుతుంది. వేగం రెట్టింపైతే తేలడం నాలుగింతలవుతుంది. అందుకే తిరుపతి నుంచి తిరుచానూరు వరకు ఆటోల మధ్య దూరుకుంటూ వచ్చేటప్పుడు ఏమీ తెలియని జబ్బు రేణిగుంట దాటి నాయుడుపేట రోడ్డెక్కగానే బయటపడుతుంది. షెడ్డువాడు వీధి చివరి దాకా తోలి "బాగానే ఉంది కదా" అంటే, ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆ వేగంలో నిజంగానే బాగుంటుంది.

కొండ ఎక్కే బండ్ల సంగతి వేరు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలకన్నా ముందు చేరకూడదన్న నియమం ఉంది. ఆ నెమ్మది నడకలో తేలడం కనబడదు. అక్కడ బయటపడేది దానికి తిరగబడ్డ జబ్బు, బిగుసుకుపోవడం. మలుపులో తిప్పిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఇప్పుడు ఆ స్క్రూ సంగతి. బాక్సు ఉన్న ప్రతి బండికీ దాని నెత్తి మీద ఒక స్క్రూ, దానికో లాక్ నట్టు కనిపిస్తుంటాయి. కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, బిగిస్తే ఆట తక్షణం తగ్గుతుంది. ఇంతకన్నా ఆశ పెట్టేది ఇంకేముంది? ఆ స్క్రూ చేసే పనల్లా లోపలి రెండు పళ్ల భాగాలను ఒకదానికొకటి దగ్గర చేయడం. కానీ బాక్సును తయారుచేసేటప్పుడే నడిమి భాగంలో, అంటే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు, ఆ పళ్లు కొంచెం బిగువుగా, పక్కలకు తిప్పినప్పుడు కొంచెం వదులుగా ఉండేలా చేస్తారు. బండి బతుకంతా తిన్నగానే పోతుంది కాబట్టి అరిగేది నడిమి భాగమే. అరిగిన నడిమిని చూసి స్క్రూ బిగిస్తే, అరగని పక్క భాగాలు పట్టేస్తాయి. రోడ్డు మీద బాగుంటుంది, మలుపులో బిగుస్తుంది. అది అలిపిరి దాటి మూడో మలుపులో తెలిస్తే ఏం లాభం?

ఇందులో ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోరు. బాక్సులో ఆ బిగువైన నడిమి ఒకటే చోట ఉంటుంది. బండి తిన్నగా పోతున్నప్పుడు బాక్సు సరిగ్గా ఆ నడిమి మీదే ఉండాలి. ఎప్పుడైనా బాక్సును చక్రానికి కలిపే డ్రాగ్ లింక్ చివర మార్చి దాని పొడవు పాత కొలతకు పెట్టకపోతే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు నడిమికి ఒక పక్కన, వదులు భాగంలో, నిలబడుతుంది. స్టీరింగ్ వీలు వంకరగా కనబడుతుంది. అప్పుడు ఎవరో వీలును ఊడదీసి, పళ్లు మార్చి తిన్నగా బిగిస్తారు. కంటికి అంతా సవ్యం. లోపల బాక్సు మాత్రం కొత్తదైనా సరే ఆటాడుతూనే ఉంటుంది. దీన్ని కనిపెట్టే ఉపాయం చాలా సులువు. చక్రాలు తిన్నగా పెట్టి స్టీరింగ్‌ను ఎడమ చివరికి ఎన్ని చుట్లో, కుడి చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాలి. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. పూర్తిగా రూఢి చేసుకోవాలంటే డ్రాగ్ లింక్ విప్పి, బాక్సును ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి, వచ్చిన చుట్లలో సగం దగ్గర ఆపితే అదే నడిమి. మా వీధి వ్యాను ఎడమకు మూడు చుట్లు, కుడికి రెండుకు కొంచెం పైన తిరిగింది. మూడు షెడ్లలో ఎవరూ చుట్లు లెక్కపెట్టలేదు.

స్క్రూ ఎప్పుడూ ముట్టకూడదని నేననను. మిగతావన్నీ చూశాక, చివరగా, చక్రాలు తిన్నగా పెట్టి, డ్రాగ్ లింక్ విప్పి, ఎంత తిప్పామో గుర్తు పెట్టుకుని ముట్టాలి. పాత స్థానం దగ్గర పెయింటు చుక్క పెట్టుకుంటే ఇంకా మేలు.

మరి మొదలు ఎక్కడ? నేల దగ్గర. ఈ మాట మీద మంచి మెకానిక్కుల్లో పెద్దగా భేదాభిప్రాయం లేదు గానీ, ఆచరణలో ఎవరూ అక్కడ మొదలుపెట్టరు. ఎందుకంటే టైరులో గాలి చూసి బిల్లు రాయలేరు. ముందు టైర్లలో గాలి తక్కువైతే టైరు పక్క గోడ మెత్తబడి, మనం తిప్పినది చక్రానికి ఆలస్యంగా అందుతుంది. ఒక పక్క రేడియల్, ఇంకో పక్క నైలాన్ టైరు వేసిన బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి; అవి రెండూ రోడ్డును పట్టే తీరే వేరు. లోడు బండికి కారు టైర్లు వేయడం ఇంకో పొదుపు, దాని పక్క గోడ ఆ బరువుకు నిలవదు. లాగడం జబ్బుంటే ముందు చక్రాల టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడాలి. లాగే పక్క మారితే దోషం టైరుది, స్టీరింగ్‌ది కాదు. ఇంకో సంగతి, మన రోడ్డు నడిమి ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన పోయే బండి కొంచెం ఎడమకు లాగడం రోడ్డు గుణం. దాన్ని అలైన్‌మెంటుతో సరిదిద్దబోతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

అరచేత్తో టైరును అడ్డంగా నిమరడం పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే రంపంలా గరుకుగా తగిలితే, లేదా దానికి తిరగబడితే, చక్రాల మొనలు ఒకదానికొకటి ఉండాల్సిన తీరులో లేవన్నమాట. మొనలు బయటికి తెరుచుకుంటే బండి ఏ చిన్న గతుకు తగిలినా ఆ పక్కకు పోవాలని చూస్తుంది. అది అచ్చం తేలడంలాగే ఉంటుంది.

తర్వాతది ఇద్దరు మనుషుల పరీక్ష. ఈ మొత్తం వ్యవహారంలో ఒకే ఒక్క పని చేయగలిగితే ఇదే చేయాలి. బండి నేల మీదే ఉండాలి, జాకీ ఎక్కించకూడదు. బరువు పడినప్పుడు జాయింటు ఎలా ఉంటుందో మనకు కావాలి, గాలిలో వేలాడేటప్పుడు ఎలా ఉంటుందో కాదు. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజను ఆన్ చేయాలి. ఒక మనిషి పైన కూర్చుని స్టీరింగ్‌ను ఆట ఉన్నంత మేర అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి, పెద్దగా కాదు, పిల్లవాడి ఉయ్యాల ఊపినంత. ఇంకొకడు కింద పడుకుని వరసగా చూసుకుంటూ పోవాలి. స్టీరింగ్ కాలం కింద ఉన్న జాయింటు, రబ్బరు కప్లింగ్. బాక్సులోకి పోయే రాడ్డు, బాక్సు నుంచి బయటికొచ్చే డ్రాప్ ఆర్మ్. డ్రాగ్ లింక్ రెండు చివరలు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ రెండు చివరలు. ఒక పక్క కదిలి దాని అవతలి పక్క కదలకపోతే, ఆట ఆ రెండింటి మధ్య దాక్కుంది. కంటికన్నా వేలు నమ్మకమైంది. జాయింటు రెండు భాగాల మీదా ఒకే వేలు ఆనించి పెడితే, అర మిల్లీమీటరు తేడా కూడా గోరుకు తగులుతుంది.

ఇక్కడ దొరికే దొంగల్లో నేను మొదటి అనుమానం పెట్టేది బాక్సు మీద కాదు, బాక్సును చాసిస్‌కి పట్టి ఉంచే బోల్టుల మీద. అవి వదులైతే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు బాక్సు కదిలి, ఆ తర్వాతే చక్రం కదులుతుంది. బోల్టు బిగువుగా ఉండి చాసిస్ రేకే చిట్లి ఉండటం ఇంకా చెడ్డది. తుప్పు గీత సన్నగా, వెంట్రుకలా కనబడుతుంది. అది కనబడితే బండి ఆ రోజు ఆ చోటు నుంచి కదలకూడదు. అలాగే జాయింటులో బంతి పైకీ కిందికీ ఎగిరినా, నట్టుకు స్ప్లిట్ పిన్ను లేకపోయినా, డ్రాప్ ఆర్మ్‌కో స్టీరింగ్ ఆర్మ్‌కో వెల్డింగ్ గుర్తు కనబడినా అంతే. విరిగిన స్టీరింగ్ ఆర్మ్‌కు వెల్డింగ్ పెట్టడం అనే పని అసలు చేయకూడనిది. తక్కిన వాటిమీద వాదనకు తావుంది గానీ దీనిమీద లేదు.

ఇప్పుడు జాకీ. ముందు చక్రం నేలకు రెండంగుళాలు లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకుతో ఆట పోతే అది హబ్ బేరింగ్‌ది. పోకపోతే కింగ్ పిన్నుది, ర్యాక్ బండిలో అయితే బాల్ జాయింటుది. పక్కల నుంచి ఊపినప్పుడు వచ్చే ఆట టై రాడ్‌ది.

కింగ్ పిన్ను గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల్లో రథం లాగడం చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. రథం ఇరుసు, చక్రాలు ఒకే కట్టు. మలుపు తిప్పాలంటే చక్రాల కింద కొయ్య అడ్డుపెట్టి, ఒరిపించి, జరిపించి తిప్పాలి. ప్రతి చక్రం తన మూల దగ్గర తానే తిరగాలన్న ఆలోచన గుర్రపు బండ్ల కాలంలో వచ్చింది. మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు కనిపెడితే, 1818లో లండన్‌లో ఆకర్‌మాన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. కనిపెట్టినవాడి పేరు మరుగునపడి, పేటెంటు తీసుకున్నవాడి పేరు మిగిలింది. ఆ తిరిగే మూలలో ఉండే నిలువు కడ్డీయే కింగ్ పిన్ను. దానికి పైనా కిందా బుష్షులు, కింద బరువు మోసే త్రస్ట్ బేరింగ్. వీటికి గ్రీజు పెట్టేటప్పుడు చాలామంది బండిని నేల మీదే ఉంచి పెడతారు. బరువు పడ్డ చోట గ్రీజు దూరదు. జాకీ మీద లేపి పెట్టాలి, వాటర్ సర్వీస్ చేయించినరోజే పెట్టాలి. నీళ్ల ప్రెషరు లోపలి గ్రీజును కడిగేస్తుంది కాబట్టి.

అరిగిన కింగ్ పిన్ను తేలిస్తుంది, సందేహం లేదు. పట్టేసిన కింగ్ పిన్ను కూడా తేలిస్తుందని నమ్మేవాళ్లు తక్కువ. ఇందాక కొండ మీద చెప్పిన సంగతి ఇదే. చక్రం తిప్పి వదిలితే తిన్నగా రావాలన్నది యాక్సిల్ వాలులో ఉన్న గుణం. సైకిల్ ముందు ఫోర్కు వాలు ఎందుకుందో ఇదీ అందుకే. గ్రీజు లేక త్రస్ట్ బేరింగ్ ఎండిపోతే, లేదా బాక్సు స్క్రూ అతిగా బిగిస్తే, చక్రం తిప్పిన చోటే ఆగిపోతుంది. డ్రైవరు ఎడమకు కొంచెం తిప్పుతాడు, అది అక్కడే నిలుస్తుంది. కుడికి తిప్పుతాడు, అది కుడినే నిలుస్తుంది. రోడ్డు పొడుగునా ఈ సర్దుబాటే. ఆయన దాన్ని 'లూజు' అంటాడు, షెడ్డువాడు ఇంకొంచెం బిగిస్తాడు! ఈ జబ్బు తెలుసుకోవడానికి ముందు యాక్సిల్ రెండు పక్కలా లేపి, డ్రాగ్ లింక్ విప్పి, చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే చాలు. తేలిగ్గా తిరగాలి. ఎక్కడైనా ముద్దగా, గరగరగా తగిలితే అక్కడుంది జబ్బు.

ఆ యాక్సిల్ వాలును చెడగొట్టేది మళ్లీ మనమే. కట్టలు కుంగాయని వెనక ఒక పట్టీ ఎక్కువ వేయిస్తాం. వెనక లేస్తుంది, బండి ముక్కు వాలుతుంది, ముందు యాక్సిల్ వాలు తగ్గుతుంది, తిన్నగా వచ్చే గుణం పోతుంది. కొన్ని బండ్లలో యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉండే ఇనుప ముక్క ఉంటుంది. కట్టలు విప్పి బిగించినప్పుడు దాన్ని వెనకా ముందూ చేసి పెట్టారంటే బండి మళ్లీ తిన్నగా పోదు. వెనక సీటు కిందా టాప్ క్యారియర్ మీదా సామాను నింపితే జరిగేది వేరు: ముందు చక్రాల మీద బరువు తగ్గి, అవి రోడ్డును గట్టిగా పట్టవు. కాబట్టి తేలే బండిని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి నడిపి చూడాలి. రెండింట్లో ఒకేలా తేలితే వెతకాల్సింది జాయింట్లలో. లోడుతోనే తేలితే కట్టల్లో, టైర్లలో.

ఇక ఎవరూ చూడని చోటు, బండి వెనక. స్టీరింగ్ ముందుంటుంది కాబట్టి కళ్లన్నీ ముందుకే పోతాయి. వెనక కట్టల చివర బుష్షు అరిగినా, షాకిల్ పిన్ను వదులైనా, యూ బోల్టు సడలినా, సెంటర్ బోల్టు తెగినా, వెనక యాక్సిల్ ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు జరుగుతుంది. అప్పుడు బండిని వెనక చక్రాలు తోలుతాయి. ముందు అంతా కొత్తగా వేయించినా తేలుతుంది. దీనికి గుర్తు ఒకటుంది: యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకు, వదిలితే ఇంకో పక్కకు బండి కదులుతుంది. స్టీరింగ్ జబ్బుకు ఈ గుణం ఉండదు. వెనక కట్ట ముందు కన్ను దగ్గర టామీ రాడ్ పెట్టి మీటి చూస్తే దొంగ దొరుకుతాడు.

ర్యాక్ బండ్ల గురించి ఇన్ని మాటలు అక్కర్లేదు. ఓమ్నిలో వెతకాల్సిన చోట్లు తక్కువ: టై రాడ్ బయటి చివరలు, ర్యాక్ లోపలి చివరలు, ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బర్లు, కింది ఆర్ముల బుష్షులు, స్టీరింగ్ కాలం జాయింటు. అవన్నీ బాగుండీ బండి తేలుతుంటే గాలి సంగతి ఆలోచించాలి. 12 అంగుళాల చిన్న చక్రాల మీద నిలబెట్టిన తేలికైన ఎత్తు డబ్బా అది. ఎదురుగా వచ్చే బస్సు విసురుకే పక్కకు జరుగుతుంది. అది బండి పుట్టుక, దానికి రిపేరు లేదు.

అలైన్‌మెంటు ముందా, జాయింట్లు ముందా అన్న వాదానికి జవాబు తేలికే గానీ జనం తిరగబడి చేస్తారు. వదులు జాయింట్లతో కంప్యూటర్ అలైన్‌మెంటు చేయిస్తే, అది ఆ క్షణంలో చక్రాలు ఎక్కడ నిలబడ్డాయో చెబుతుంది. బండి స్టాండు దిగగానే చక్రాలు వేరే చోట నిలబడతాయి. డబ్బు వృథా. జాయింట్లు అన్నీ ఒకేసారి మార్చాలా, ఒక్కొక్కటిగా మార్చాలా అన్నది మాత్రం నిజమైన వాదమే. అన్నీ మారిస్తే బండి బాగవుతుంది గానీ ఏది దోషో తెలియదు, ఖర్చు ఎక్కువ. ఒక్కొక్కటి మారిస్తే తెలుస్తుంది గానీ ప్రతిసారీ బండి ఆగాలి, బాడుగ పోవాలి. యాత్రల సీజనులో ఒక రోజు బండి ఆగితే ఏమవుతుందో ఆ యజమానికే తెలుసు. నేనైతే జతలను జతలుగా మార్చమంటాను. ఎడమ టై రాడ్ చివర పోతే కుడిది కూడా అదే వయసుది. బుష్షులూ అంతే. జతకు బయట ఉన్నవాటిని పరీక్ష చెప్పేదాకా ముట్టొద్దు. అడ్డదారిగా స్టీరింగ్ డ్యాంపర్ వేయించేవాళ్లూ ఉన్నారు. అది వణుకును కప్పిపెడుతుంది, ఆటను తగ్గించదు.

ఈ తిప్పలు మన ఒక్కరికే అనుకోనక్కర్లేదు. 1950లో జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వ్యాగన్ బస్సును ఇప్పటికీ ముద్దుగా దాచుకున్నవాళ్లకు ఇదే తలనొప్పి. 1967 దాకా వచ్చిన వాటిలో ముందు భాగం మధ్యలో ఒక పివట్ పిన్ను ఉండేది. దాని బుష్షు అరిగితే రెండు చక్రాలకూ ఆట ఒకేసారి వస్తుంది. వాళ్లు చివర చివరలు అన్నీ మార్చి, ఆ నడిమి పిన్నును మరిచిపోతుంటారు. మనవాళ్లు వెనక కట్టలను మరిచిపోయినట్టే.

మా వీధి వ్యాను దగ్గరికి వస్తే, ఒక ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి, ఒకరు పైన ఒకరు కింద, ఈ వరసలోనే చూశాం. ముందు టైర్లలో గాలి ఒకదానిలో బాగా తక్కువ. టై రాడ్ ఒక చివర పోయింది. డ్రాగ్ లింక్ కొలత తప్పు. వెనక ఎడమ కట్ట ముందు కన్నులో బుష్షు అన్నది పేరుకే మిగిలింది, పిన్ను ఇనుము మీద ఇనుముగా రాసుకుంటోంది. కొత్తవి తెచ్చి వేసింది వేరే మెకానిక్. డ్రాగ్ లింక్‌ను బాక్సు నడిమికి కుదిర్చాక స్టీరింగ్ వీలు వంకరైంది. దాన్ని ఊడదీసి మళ్లీ తిన్నగా పెట్టాల్సి వచ్చింది. బాక్సు స్క్రూను పాత పెయింటు గుర్తు దాకా వెనక్కి తిప్పాం. అలైన్‌మెంటు అన్నిటికన్నా చివర. సుద్దముక్కతో వీలు అంచు మీద గుర్తు పెట్టి కొలిస్తే, మొదట 9 సెంటీమీటర్లు ఉన్న ఆట మూడున్నరకు దిగింది.

మర్నాడు తెల్లవారుజామున రేణిగుంట రోడ్డు మీద నడిపి చూశాం. బండి తిన్నగా పోతోంది, కానీ ఊగుతోంది. డ్రైవరు ముఖం వాడిపోయింది. ఆయన చేతుల వంక చూశాను. ఎడమకు కొంచెం, కుడికి కొంచెం, ఆగకుండా సర్దుతూనే ఉన్నాయి. బండిని ఊపుతున్నది ఆ చేతులే. "కొంచెం వదిలి పట్టుకో అన్నా" అన్నాను. వదిలాడు. ఊగడం ఆగింది. ఆ అలవాటు పోవడానికి ఆయనకు ఇంకో రెండు ట్రిప్పులు పట్టింది.